హార్ఫ్‌బజ్ మీద వేసిన నింద

మా మావయ్య పుస్తకం ఆలస్యం కావడానికి కారణం హార్ఫ్‌బజ్ అని చుట్టాలందరికీ చెప్పి నమ్మించాను. పెళ్లిళ్లలో ఎవరడిగినా అదే జవాబు. హార్ఫ్‌బజ్ అంటే ఏమిటో వాళ్లకు తెలియదు గనక ఎదురు ప్రశ్న వచ్చేది కాదు. మావయ్య ఒక్కడే ఫోన్లో అనుమానంగా అడిగాడు: "ఏరా అల్లుడూ, ఆయనకేమన్నా డబ్బు ఇవ్వాలా?"

ఇవ్వాల్సిందేమీ లేదు. అది మనిషి కాదు, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. ఫైర్‌ఫాక్స్‌లోనూ క్రోమ్‌లోనూ ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ తెలుగు ఒత్తులు సరైన చోట కూర్చుంటున్నాయంటే దాని చలవే. అంత ఉపకారి మీద నింద వేసి ఇన్నాళ్లూ తిరిగాను. అసలు జరిగింది వేరు.

మావయ్యది తెనాలి. హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. పద్యనాటకమంటే ప్రాణం. ఏ ఊళ్లో ఏ పరిషత్తు జరిగినా బస్సెక్కి వెళ్లి ముందు వరుసలో కూర్చునేవాడు, తిరిగొచ్చాక లాంగ్ నోటుబుక్కుల్లో రాసుకునేవాడు. 2017లో ఆ వ్యాసాలన్నీ పుస్తకంగా వేద్దామనుకున్నాడు. విజయవాడలో డీటీపీ చేసే కుర్రాడు అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కొట్టి ఇస్తానన్నాడు. అప్పటికి తెలుగు పుస్తకాల్లో చాలావరకు తయారయ్యేది అలాగే. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

నేను మధ్యలో దూరాను.

"అనులో కొడితే కంప్యూటర్‌కి అది తెలుగని తెలియదు మావయ్యా. ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు ముక్కల బొమ్మలు అతికిస్తారంతే. రేపు ఫైల్లో ఒక పేరు వెతకాలన్నా దొరకదు. యూనికోడ్‌లో చేద్దాం. లినక్స్‌లో, పైసా ఖర్చు లేకుండా నేనే చేసి పెడతాను," అన్నాను. ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నేను బీమా ఆఫీసులో గుమస్తాని, కంప్యూటర్ చదువు చదవలేదు. అయినా ఇంట్లో ఉబుంటు అనే లినక్స్ వాడుకుంటున్నందుకు నాకు లోపల చాలా గర్వం. నిజాన్ని గొప్ప కోసం చెబితే దానికి ఎంత ఖర్చవుతుందో ఆ రోజు తెలియదు.

వ్యాసాలన్నీ ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో నేనే టైపు చేశాను. ఆ పని అనుకున్న టైముకే పూర్తయింది. మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా, ఒక ఫోల్డర్లో, వ్యాసానికి ఒకటి చొప్పున. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పేజీలు కట్టడానికి స్క్రైబస్ ఎంచుకున్నాను. పేజ్‌మేకర్ లాంటిదే, ఉచితం. ఉబుంటు 14.04 లో దొరికే 1.4 వెర్షన్ తెరిచి మండలి ఫాంటు పెట్టి 'లక్ష్మి' అని అతికించాను. క, ష, మ దేనికది విడిగా నిలబడ్డాయి, మధ్యలో పొల్లు గుర్తులు వేలాడుతూ. యూనికోడ్‌లో క్ష్మి అని ఒక అక్షరం ఉండదు. క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి వరసగా దాచి ఉంటాయి. వాటిని చూసి ఫాంటులో ఏ ఒత్తు తీసి ఎక్కడ పెట్టాలో తేల్చేందుకు ఒక యంత్రాంగం కావాలి. అదే హార్ఫ్‌బజ్. 1.4 స్క్రైబస్‌కి ఆ యంత్రాంగం లేదు. 2017లో వచ్చిన 1.5.3 లో పెట్టారు. కానీ అది డెవలపర్ల వెర్షన్, ఉబుంటు భాండాగారంలో లేదు. సరే, సోర్సు దింపుకుని కంపైల్ చేద్దామనుకున్నాను.

ఇక్కడ ఒక మాట. ఆ సరికే లిబ్రెఆఫీసులో తెలుగు చక్కగా కనిపిస్తోంది. బొమ్మలు లేని వ్యాసాల పుస్తకానికి అది చాలు. ఆ సంగతి నాకు తెలియక కాదు. లిబ్రెఆఫీసులో పుస్తకం చేశానంటే ఎవరు మెచ్చుకుంటారు?

సోర్సు విప్పి, కట్టడానికి కావాల్సినవన్నీ ఉన్నాయో లేదో చూసే సీమేక్ నడిపాను. ఫలానా లైబ్రరీ దొరకలేదని ఆగింది. దాన్ని తెచ్చి పెట్టాను. ఇంకోటి లేదంది. అదీ తెచ్చాను. మరోటి. సీమేక్ కావాల్సినవాటి జాబితా అంతా ఒకేసారి ఇవ్వదు, తప్పనిసరైనది ఒకటి దొరక్కపోతే అక్కడితో సరి. కప్స్, లిటిల్ సీఎంఎస్, పోడోఫో, పాప్లర్, ఐసీయూ, హన్‌స్పెల్. అచ్చు పని కోసం కొన్ని, రంగుల కోసం కొన్ని, పీడీఎఫ్ కోసం కొన్ని. స్క్రైబస్ ఏం చేస్తుందో తెలిసినవాడికి అవన్నీ ఎందుకో అర్థమవుతాయి. నేను అర్థం చేసుకోవడానికి ఆగలేదు. ఎర్రర్లో ఉన్న పేరు కాపీ చేసి వెతకడం, దొరికిన మొదటి కమాండ్ కొట్టడం, అంతే నా విద్య.

కప్స్ దగ్గర మొదటిసారి కంప్యూటర్‌తో గొడవపడ్డాను. ప్రింటర్ పనిచేస్తోందంటే కప్స్ లైబ్రరీ ఉన్నట్టే. ఫైలు కళ్లకు కనిపిస్తోంది. అయినా కప్స్.హెచ్ లేదంటుంది కంపైలర్. అబద్ధమాడుతోందని తేల్చేశాను. డెబియన్‌లోనూ దాని మీద కట్టిన ఉబుంటులోనూ ఒక లైబ్రరీని రెండుగా విడదీస్తారు. ప్రోగ్రాం నడవడానికి కావాల్సింది ఒక ప్యాకేజీ. ఆ లైబ్రరీని వాడుకునే ప్రోగ్రాములు కట్టుకోవడానికి కావాల్సిన హెడర్ ఫైళ్లు ఇంకో ప్యాకేజీ, దాని పేరు చివర 'డెవ్' అని ఉంటుంది. రెడ్‌హ్యాట్ వాళ్లయితే 'డెవెల్' అంటారు. ఊరికే ప్రోగ్రాములు నడుపుకునేవాళ్లకు హెడర్లతో పని లేదు గనక అవి ముందే పెట్టరు. ఇది లినక్స్‌లో కంపైల్ చేసే ప్రతివాడూ మొదటి రోజే నేర్చుకునే ముక్క.

నేను నేర్చుకోలేదు. ఒక లైబ్రరీ హెడర్ దొరకలేదంటే నెట్‌లో ఎక్కడో ఆ ఒక్క ఫైలూ కనిపిస్తే దింపి తెచ్చి, సరాసరి సిస్టమ్ హెడర్లుండే యూఎస్ఆర్ ఇన్‌క్లూడ్‌లో పడేశాను. కంపైల్ ముందుకు నడిచింది. చంకలు గుద్దుకున్నాను. చాలాసేపు నడిచాక, ఫైళ్లన్నీ కలిపి ముడి వేసే దశలో, 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అని పేజీలకు పేజీలు వచ్చి పడ్డాయి. హెడర్ ఫైలు చెప్పేది ఒక్కటే: ఇలాంటి ఫంక్షన్ ఎక్కడో ఉంది, దీన్ని ఇలా పిలవాలి అని. ఆ ఫంక్షన్ లైబ్రరీలో ఉండాలి. నేను తెచ్చిన హెడర్ ఒక వెర్షన్‌ది, నా దగ్గరున్న లైబ్రరీ వేరే వెర్షన్‌ది.

మా కింది వాటాలో బీటెక్ చదువుతున్న అమ్మాయి ఉంటుంది. ఒకసారి మెట్ల మీద కనిపిస్తే నా కష్టాలు చెప్పుకున్నాను. ఆ పిల్ల మర్యాదగా విని, "ఏపీటీ-గెట్ బిల్డ్-డెప్ స్క్రైబస్ అని కొట్టి చూశారా అంకుల్?" అంది. ఒక ప్యాకేజీని కట్టడానికి డెబియన్ వాళ్లు ఏమేం వాడారో ఆ ప్యాకేజీతో పాటే రాసి ఉంటుంది. ఈ కమాండ్ ఆ జాబితా చదివి, అన్నీ ఒక్కసారే తెచ్చి పెడుతుంది. పాత 1.4 కి కావాల్సినవే తెస్తుందన్న మాట నిజమే. అయినా సగం దారి గడిచేది. "అదంతా చిన్నపిల్లల పద్ధతమ్మా, మాన్యువల్‌గా చేస్తేనే లోపల ఏముందో తెలుస్తుంది," అన్నాను. నాకు లోపల ఏముందో తెలియదని ఆ పిల్లకి అప్పుడే తెలిసిపోయి ఉంటుంది. ఏమీ అనలేదు.

డెబియన్ 2.1 తో ఏపీటీ వచ్చింది 1999లో. అంతకుముందు ఒక ప్యాకేజీ పెడదామంటే అది ఇంకోటి అడిగేది, ఆ ఇంకోటి మరోటి అడిగేది. పత్రికలతో వచ్చే సీడీల్లో వెతికి, లేకపోతే నెట్ సెంటర్‌కి వెళ్లి ఫ్లాపీలో ఎక్కించుకొచ్చేవాళ్లు. ఆ బాధ పడలేకే ఒకరి వెనక ఒకరు ఏళ్ల తరబడి కష్టపడి ఆ చిక్కు తీర్చారు. నేను 2017లో ఆ చిక్కుని మళ్లీ పేనుకుంటూ కూర్చున్నాను.

సీమేక్ చివరికి హార్ఫ్‌బజ్ దగ్గర ఆగింది. 14.04 లో ఉన్నది పాతది, స్క్రైబస్‌కి కొత్తది కావాలి. హార్ఫ్‌బజ్ సోర్సు దింపాను. అది ఫాంటు ఫైళ్లు చదివే ఫ్రీటైప్ కోసం చూసింది. ఫ్రీటైప్ ఉంది, సరిపోతుంది కూడా. అయినా పనిలో పనిగా అదీ కొత్తది కట్టేద్దామనుకున్నాను. ఎవరూ అడగలేదు. తీరా చూస్తే ఫ్రీటైప్‌ని పూర్తి హంగులతో కట్టాలంటే హార్ఫ్‌బజ్ ఉండాలి, హార్ఫ్‌బజ్‌ని పూర్తిగా కట్టాలంటే ఫ్రీటైప్ ఉండాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు. లినక్స్‌ని మొదటి నుంచీ సొంతంగా కట్టుకునేవాళ్ల కోసం రాసిన లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్ పుస్తకాల్లో దీనికి మార్గం చెప్పారు: ముందు హార్ఫ్‌బజ్ లేకుండా ఫ్రీటైప్ కట్టు, దానితో హార్ఫ్‌బజ్ కట్టు, మళ్లీ వెనక్కి వచ్చి ఫ్రీటైప్ ఇంకోసారి కట్టు. అది చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం చెప్పలేను. ఒకే పని రెండుసార్లు చేయమని అధికారికంగా చెప్పారు!

ఆ ఆనందం ఏమిటో ఆలోచిస్తే ఇప్పుడు సిగ్గేస్తుంది.

కొత్త హార్ఫ్‌బజ్ నిశ్శబ్దంగా తయారైంది. ఒక్క ఎర్రర్ లేదు. అంతవరకు ప్రతి చిన్న లోపానికీ కేకలు పెట్టిన కంప్యూటర్ ఇక్కడ మాత్రం కిమ్మనలేదు. హార్ఫ్‌బజ్‌ని కట్టేటప్పుడు కొన్ని జోడింపులు 'ఉంటే కలుపు, లేకపోతే వదిలెయ్' అనే పద్ధతిలో ఉంటాయి. జీలిబ్ అలాంటిది. జీలిబ్ డెవ్ ప్యాకేజీ నా దగ్గర లేదు గనక దాన్ని వదిలేసింది. చివర్లో ఏవేవి కలిపిందో, ఏవి వదిలిందో పట్టిక వేసి మరీ చూపించింది. అందులో జీలిబ్ ఎదురుగా 'ఫాల్స్' అని ఉంది. ఎర్రర్ కానిదాన్ని నేను చదవను.

మేక్ ఇన్‌స్టాల్ కొట్టి దాన్ని యూఎస్ఆర్ లోకల్‌లో పెట్టి, ఎల్‌డీకాన్ఫిగ్ కొట్టాను. ఉబుంటులో లైబ్రరీల కోసం వెతికే వరసలో యూఎస్ఆర్ లోకల్ ముందుంటుంది. అంటే స్క్రైబస్ ఒక్కదానికే కాదు, సిస్టమ్ మొత్తానికి ఇక నేను కట్టిన హార్ఫ్‌బజే గతి. అప్పటికే నడుస్తున్న ప్రోగ్రాములు పాతదాన్నే పట్టుకుని ఉన్నాయి గనక ఆ రాత్రికి తేడా తెలియలేదు. పొద్దున్న కంప్యూటర్ పెడితే లాగిన్ తెరే రాలేదు. తెర మీద అక్షరాలు పేర్చే పాంగో, జీలిబ్ జోడింపులో ఉండాల్సిన ఫంక్షన్ కోసం నా హార్ఫ్‌బజ్‌లో వెతికి, దొరక్క పడిపోయింది. ఒక తెలుగు ఒత్తు సరిగ్గా పడాలని మొదలుపెట్టిన వ్యవహారంలో చివరికి ఇంగ్లీషు అక్షరం కూడా కనపడకుండా పోయింది.

కన్సోల్లోకి వెళ్లి యూఎస్ఆర్ లోకల్‌లో పెట్టింది పీకేశాను. డెస్క్‌టాప్ తిరిగొచ్చింది. బుద్ధి ఉన్నవాడు ఇక్కడ ఆగుతాడు. నేను నెమ్మదిగా, స్క్రైబస్ కిటికీలూ బటన్లూ గీసే క్యూట్ లైబ్రరీ మీదికి వెళ్లాను.

మా ఆవిడ అర్ధరాత్రి లేచి చూస్తే నల్లటి తెర మీద తెల్లటి వరసలు పరుగెత్తుతుంటాయి. "ఇంకా మావయ్య పుస్తకమేనా?" అనేది. "అదే," అనేవాణ్ని. కంపైల్ జరుగుతున్నంతసేపు మనం ఏమీ చేయక్కర్లేదు, అయినా బోలెడు పని జరుగుతున్నట్టు ఉంటుంది. ఎర్రర్ వస్తే ఇంకా నయం, రేపటికి పని దొరికినట్టే.

ఇప్పుడు ఆ ఫోల్డర్ సంగతికొస్తాను. వ్యాసాలన్నీ నేనే టైపు చేశానన్నానుగా. అందులో సురభి నాటక సమాజం మీద రెండున్నాయి. ఒకటి వాళ్ల తెరల గురించీ, రంగస్థలం మీద చేసే మాయల గురించీ. రెండోది అక్కడ ఆడ వేషాలు ఆడవాళ్లే కట్టడం గురించి. పేర్లు వేరు. కానీ రెండూ 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడిన వైనంతోనే మొదలవుతాయి, పేజీల కొద్దీ అవే మాటలతో నడుస్తాయి, చివర్లో ఎక్కడో విడిపోతాయి. ఎన్నో ఏళ్ల తేడాతో వేర్వేరు నోటుబుక్కుల్లో రాసుకున్నవి. రెండోది రాసేనాటికి మొదటిది రాసిన సంగతి మావయ్య మరిచిపోయి ఉంటాడు. పుస్తకంలో రెండూ పక్కపక్కన పెట్టడానికి వీల్లేదు. ఒకటి తీసేయాలి, లేదా కలిపి తిరగరాయాలి. ఆ మాట ఆయనతో చెప్పాలి. నాకు ఛందస్సు నేర్పిన మనిషితో, ఎనభైకి దగ్గరపడ్డ మనిషితో, "మీరు రాసిందే మళ్లీ రాశారు," అనాలి.

దానికన్నా హార్ఫ్‌బజ్ తేలిక. ఈ ఆలస్యంలో సగం పైగా తెలివితక్కువతనమైనా మిగతాది పిరికితనం.

క్యూట్ సంగతి. 14.04 లో ఉన్నది 5.2, అది చాలదనిపించింది. క్యూట్‌ని సోర్సు నుంచి కట్టాలంటే గంటల పని. అందుకని 16.04 ఉబుంటు కోసం చేసిన డెబ్ ఫైళ్లు తెచ్చి పెట్టబోయాను. ప్యాకేజీలు పెట్టే డీపీకేజీ ఒప్పుకోలేదు. వీటికి కొత్త లిబ్‌సీ కావాలి, నీ దగ్గర పాతది ఉంది అని తేటతెల్లంగా చెప్పింది. ఫోర్స్ అనే మాట చేర్చి బలవంతంగా పెట్టాను. పెట్టింది. నడిపితే జీలిబ్‌సీ ఫలానా వెర్షన్ దొరకలేదని ఆగిపోయింది. జీలిబ్‌సీ అన్నా లిబ్‌సీ అన్నా ఇక్కడ ఒకటే, లినక్స్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రాం ఆధారపడే లైబ్రరీ. ఫైలు తెరవాలన్నా, తెర మీద ఒక ముక్క రాయాలన్నా దాని ద్వారానే. అందులో ప్రతి ఫంక్షన్‌కీ అది ఏ వెర్షన్‌ది అనే ముద్ర ఉంటుంది. పాత సిస్టమ్ మీద కట్టిన ప్రోగ్రాం కొత్తదాని మీద నడుస్తుంది. కొత్తదాని మీద కట్టింది పాతదాని మీద నడవాలన్న హామీ లేదు. 14.04 లో ఉన్నది 2.19. 16.04 లో 2.23.

దొరకలేదంటే తెచ్చిపెడితే సరి కదా? 2.23 ఫైలు తెచ్చి, పాతదాని పక్కనే పెట్టి, లిబ్‌సీ.ఎస్ఓ.6 అనే లంకెను కొత్తదానివైపు తిప్పాను. ఎంటర్ నొక్కాను.

తర్వాత ఎల్ఎస్ కొట్టాను. ఎర్రర్. సీపీ, ఎంవీ, క్యాట్, అన్నిటిదీ అదే పాట. లిబ్‌సీ ఒక్కటే రాదు, ప్రోగ్రాములను లేపి లైబ్రరీలతో కలిపే లోడర్ కూడా దానికి జోడీగా అదే వెర్షన్‌లో ఉండాలి. నేను జోడీలో ఒకదాన్నే మార్చాను. అంతకుముందే తెరిచి ఉన్న టెర్మినల్ మాత్రం బతికే ఉంది, పాత లిబ్‌సీ దాని మెమరీలో ఉంది గనక. బాష్ లోపలే ఉండే కమాండ్లు పలుకుతున్నాయి. సీడీ చేయగలను, ఎకో అని నక్షత్రం గుర్తు పెడితే ఫోల్డర్లో ఫైళ్ల పేర్లు చూడగలను. పాత 2.19 ఫైలు కూడా క్షేమంగా అక్కడే కనిపిస్తోంది. చేయాల్సిందల్లా ఆ లంకెను మళ్లీ దానివైపు తిప్పడం. తిప్పాలంటే ఎల్ఎన్ కావాలి. ఎల్ఎన్‌కి లిబ్‌సీ కావాలి. పాత లిబ్‌సీని ముందుగా ఎక్కించుకోమని చెప్పే ఉపాయం ఒకటుంది గానీ, రూట్ అధికారం లేకుండా ఆ లంకెను ముట్టుకోలేం. అధికారం ఇచ్చే సుడో ఎటూ లేవదు, లేచినా భద్రత కోసం ఆ ఉపాయాన్ని పట్టించుకోదు. రూట్ షెల్ ఒకటి ముందే తెరిచి పెట్టుకుని ఉంటే బతికిపోయేవాణ్ని.

నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారని తర్వాత తెలిసింది. 2021లో కంప్యూటర్ వీడియోలతో పేరుపొందిన లైనస్ సెబాస్టియన్ పాప్ ఓఎస్ అనే లినక్స్‌లో ఆటల కోసం స్టీమ్ పెట్టబోతే, ముఖ్యమైన ప్యాకేజీలు పోతాయి సుమా అని ఏపీటీ హెచ్చరించింది. తప్పదనుకుంటే 'అవును, నేను చెప్పినట్టు చెయ్యి' అనే వాక్యం ఇంగ్లీషులో పూర్తిగా టైపు చేయమంది. ఆయన చేశాడు. డెస్క్‌టాప్ మొత్తం పోయింది. ఆ వీడియో రెండుసార్లు చూశాను, కొంత ఊరటగా అనిపించింది.

కింది వాటా అమ్మాయి లైవ్ పెన్‌డ్రైవ్ తెచ్చింది. దాంతో బూట్ చేసి, మా డిస్కు మౌంట్ చేసి, లంకె తిప్పింది. నిమిషం పని. ఆ తర్వాత నేను బలవంతంగా పెట్టిన ప్యాకేజీలు ఏరి తీసేస్తుంటే పక్కన నిలబడి చూశాను. "ఇంతకీ ఇదంతా ఎందుకంకుల్?" అంది. స్క్రైబస్ కోసం అన్నాను. ఆ పిల్ల స్క్రైబస్ వాళ్ల దగ్గరి నుంచి ఒకే ఒక ఫైలు దింపి, దానికి నడిచే అనుమతి ఇచ్చి, డబుల్ క్లిక్ చేసింది. 1.5 స్క్రైబస్ తెరుచుకుంది. యాప్‌ఇమేజ్ అంటారు దాన్ని. 2004లో క్లిక్ అనే పేరుతో మొదలైన పద్ధతి. ప్రోగ్రాంకి కావాల్సిన లైబ్రరీలు చాలావరకు ఆ ఫైల్లోనే ఉంటాయి, సిస్టమ్‌లో ఏ హార్ఫ్‌బజ్ ఉందో దానికి అక్కర్లేదు. ఆ పద్ధతంటే నాకు చిన్నచూపు. ఒకే లైబ్రరీని పది ప్రోగ్రాములు పది కాపీలుగా మోసుకుతిరగడం దండగని ఆఫీసులో క్యాంటీన్ దగ్గర ఉపన్యాసాలిచ్చేవాణ్ని. అది ఉందని తెలిసే దాని జోలికి పోలేదు.

'లక్ష్మి' అని కొట్టింది ఆ అమ్మాయి. ష ఒత్తూ మ ఒత్తూ గుడీ వాటి వాటి చోట్ల కూర్చున్నాయి. "అయిపోయింది కదంకుల్, ఇక పేజీలు కట్టేసుకోవచ్చు," అంది. గుండెలో రాయి పడింది.

ఆ ఆదివారం తెనాలి వెళ్లాను. భోజనాలయ్యాక వసారాలో మడత మంచం మీద కూర్చుని, రెండు వ్యాసాల ప్రింట్లు ఆయన చేతికిచ్చి విషయం చెప్పాను. మావయ్య కళ్లజోడు పెట్టుకుని రెండూ ఆసాంతం చదివాడు. నేను ఫ్యాన్ వంక చూస్తూ కూర్చున్నాను. "అవున్రా, ఒకటే," అన్నాడు చివరికి. హమ్మయ్య అనుకుని, ఏది తీసేద్దామని అడిగాను. మొదటిది తీయొద్దన్నాడు, అది ఫలానా పరిషత్తు సంచికలో అచ్చయిందట. రెండోది తీద్దామంటే, సురభి కుటుంబమైన వనారస వాళ్ల ఇంటి ఆడపిల్లల గురించిన భాగం పోతుందన్నాడు. కలిపి రాద్దామంటే, ఈ వయసులో తన చేత కాదన్నాడు, నేను రాస్తానంటే వద్దన్నాడు. సాయంత్రం దాకా వాదించుకున్నాం. అత్తయ్య రెండుసార్లు కాఫీ ఇచ్చింది.

పుస్తకం ఆ సంక్రాంతికి వచ్చింది. సురభి వ్యాసాలు రెండూ ఉన్నాయి, మధ్యలో వేరే వ్యాసం ఒకటి అడ్డం పెట్టి. ఒత్తులన్నీ సరిగ్గా పడ్డాయి.